రక్తాన్ని పలచబరిచే మాత్రలు – కలౌంజీ నుంచి కాల్షియం దాకా కొన్ని జాగ్రత్తలు



మన ఇళ్లలో ఇప్పుడు రెండు రకాల మందుల డబ్బాలు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. ఒకటి గుండె డాక్టరు రాసిన మాత్రల డబ్బా. రెండోది ఏ డాక్టరూ రాయకుండానే ఇంటికి వచ్చినది. ఉమ్రాకు వెళ్లొచ్చిన బంధువులు తెచ్చిన కలౌంజీ నూనె, గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపిన చేపనూనె క్యాప్సూల్స్, ఫోనులో ప్రకటన చూసి తెప్పించిన మోకాళ్ల నొప్పుల పొడి, ఎముకల బలానికి మెడికల్ షాపులో అడిగి కొన్న కాల్షియం బిళ్లలు. ఇచ్చినవారు ప్రేమతో ఇచ్చారు, తీసుకున్నవారు నమ్మకంతో తీసుకుంటున్నారు. అయితే ఆ మొదటి డబ్బాలో రక్తాన్ని పలచబరిచే మాత్ర ఉంటే, రెండో డబ్బా గురించి కాస్త ఆలోచించాలి. ఈ వ్యాసం దాని గురించే.

నేను డాక్టరును కాను, బడిపంతులును. తరగతిలో పాఠం చెప్పినట్టు, అందరికీ తెలియవలసిన విషయాలను వరుసగా చెబుతాను. ఇది చదివి ఎవరూ తమ మాత్రను మానవద్దు, మార్చవద్దు. డాక్టరు దగ్గర ఏమేం అడగాలో తెలుసుకుంటే చాలు.

ఏ మాత్రలు, ఎవరికి?

‘రక్తం పలచబడే మాత్ర’ అని మనం అనేవాటిలో మూడు రకాలున్నాయి. నిజానికి ఇవి రక్తాన్ని నీళ్లలా పలచన చేయవు. గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి.

మొదటి రకం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. గుండెపోటు వచ్చినవారికి, స్టెంటు వేయించుకున్నవారికి ఇస్తారు. ఎకోస్ప్రిన్ పేరుతో చాలామందికి తెలిసిన 75 మిల్లీగ్రాముల మాత్ర ఆస్పిరినే. రక్తంలో ప్లేట్‌లెట్లు అనే సూక్ష్మ కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా ఇవి ఆపుతాయి. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ తన జీవితకాలం, అంటే 7 నుంచి 10 రోజుల వరకు, పని చేయదు.

రెండో రకం వార్ఫారిన్, ఎసినోకుమరాల్. మన దేశంలో రెండోది అసిట్రోమ్ పేరుతో ఎక్కువగా వాడుకలో ఉంది. గుండెలో కృత్రిమ లోహపు కవాటం అమర్చినవారికి, గుండె లయ తప్పినవారికి, కాలి సిరల్లో గడ్డలు కట్టినవారికి రాస్తారు.

మూడో రకం కొత్త మందులు: డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్. వీటికి తరచూ రక్తపరీక్ష అక్కర్లేదు. కానీ లోహపు కవాటం ఉన్నవారికి ఇవి పనికిరావు, వారు రెండో రకంలోనే ఉండాలి.

ముందుగా మన ఇంట్లో ఉన్నది ఏ రకమో తెలుసుకోవాలి. జాగ్రత్తలు దాన్ని బట్టి మారతాయి.

గడ్డి నుంచి పుట్టిన మందు

‘ఆకులు, గింజలు, వేర్లతో చేసినది కదా, ప్రకృతిసిద్ధం, హాని ఏముంటుంది?’ అని చాలామంది అంటారు. దానికి జవాబు వార్ఫారిన్ చరిత్రలోనే ఉంది.

1920లలో కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చనిపోసాగాయి. స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసం తడిసి బూజుపట్టినప్పుడు దాన్ని మేసిన పశువులకే ఇలా జరుగుతోందని ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు గుర్తించాడు. 1933లో ఒక రైతు చచ్చిన దూడను, గడ్డకట్టని రక్తాన్ని వెంటబెట్టుకుని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడ కార్ల్ పాల్ లింక్ బృందం ఏళ్ల తరబడి శ్రమించి ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరు చేసింది. దాని నుంచి తయారైన వార్ఫారిన్ 1948లో ఎలుకల మందుగా బజారులోకి వచ్చింది. 1954లో మనుషులకు మందుగా అనుమతి పొందింది. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఈ మందు వాడారు.

అంటే ఈ శక్తివంతమైన మందు ఒక గడ్డిలో పుట్టింది. ఒక ఆకు రక్తాన్ని ఇంతగా మార్చగలిగినప్పుడు, మరో ఆకు, మరో గింజ ఆ మందు పనిని పెంచడమో తగ్గించడమో చేయవచ్చుననడంలో ఆశ్చర్యం లేదు.

ఐఎన్ఆర్ అనే త్రాసు

మన కాలేయం విటమిన్ కె సాయంతో రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని పదార్థాలను తయారు చేస్తుంది. వార్ఫారిన్, అసిట్రోమ్‌లు విటమిన్ కె పనికి అడ్డుపడతాయి. అడ్డు ఎంత పడిందో చెప్పే రక్తపరీక్ష పేరు ఐఎన్ఆర్. మందు వాడని ఆరోగ్యవంతులకు ఇది సుమారు 1 ఉంటుంది. మందు వాడేవారిలో చాలామందికి 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. కొన్ని రకాల లోహపు కవాటాలు ఉన్నవారికి కొంచెం ఎక్కువగా, 2.5 నుంచి 3.5 మధ్య, ఉంచుతారు. ఎవరికి ఎంత ఉండాలో వారి డాక్టరే చెప్పాలి.

దీన్ని కిరాణా కొట్టు త్రాసు అనుకోండి. ఒక తట్టలో మాత్ర, ఇంకో తట్టలో మనం తినే విటమిన్ కె. అంకె మరీ పెరిగితే రక్తస్రావం. మరీ తగ్గితే కవాటం మీద గడ్డకట్టడం, లేదా ఆ గడ్డ మెదడుకు పోయి పక్షవాతం. ప్రమాదం రెండు వైపులా ఉంది. అందుకే ‘రక్తం పలచబడితే మంచిదేగా, ఇంకొంచెం వెల్లుల్లి తింటే ఏమవుతుంది’ అనే లెక్క ఇక్కడ కుదరదు.

అంకెను తగ్గించేవి

పాలకూర, తోటకూర, మునగాకు, కొత్తిమీర, పుదీనా వంటి ఆకుల్లో విటమిన్ కె బాగా ఉంటుంది. అసిట్రోమ్ వాడేవారు ఆకుకూరలు పూర్తిగా మానేయాలని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. వారం వారం దాదాపు ఒకే మోతాదులో తింటే డాక్టరు దానికి తగ్గట్టు మాత్ర సరిచేస్తారు. నెలంతా ముట్టకుండా ఉండి, ఒక్కసారిగా వారం రోజులు రోజూ పాలకూర తింటేనే త్రాసు ఒరిగిపోతుంది.

అసలు చిక్కు పొడులతోనూ బిళ్లలతోనూ ఉంది. మునగాకు పొడి, గోధుమగడ్డి పొడి, రకరకాల ‘గ్రీన్’ పొడులు అంటే ఆకుల సారాన్ని కుదించి చెంచాలోకి తెచ్చినవే. ఇంకా ముఖ్యమైనది కాల్షియం బిళ్ల. ఇప్పుడు బజారులో దొరికే చాలా కాల్షియం బిళ్లల్లో కాల్షియంతో పాటు విటమిన్ డి3, విటమిన్ కె2–7 కూడా కలిసి ఉంటున్నాయి. ఎముకలకు మంచిదని కలుపుతారు. కానీ ఈ కె2–7 తక్కువ మోతాదులో కూడా అసిట్రోమ్ పనిని తగ్గించగలదు. మల్టీవిటమిన్ బిళ్లల్లోనూ విటమిన్ కె ఉండవచ్చు. కాబట్టి పట్టీ వెనుక ఉన్న చిన్న అక్షరాలను చదవాలి. కాల్షియం అవసరమైతే కె లేనిది రాయమని డాక్టరును అడగాలి.

అంకెను పెంచేవి, రక్తస్రావాన్ని పెంచేవి

కలౌంజీతో మొదలుపెడదాం. హదీసుల్లో ప్రస్తావన ఉన్న గింజ కాబట్టి మన మనసుల్లో దానికి గౌరవం ఉంది, ఉండాలి కూడా. రొట్టె మీద చల్లుకునే గింజలు, పచ్చడిలో వేసే చిటికెడు గింజలు ఆహారం. వాటి గురించి భయపడనక్కర్లేదు. కానీ రోజూ చెంచాల కొద్దీ నూనె, గాఢమైన క్యాప్సూల్స్ వేరు. కలౌంజీలోని పదార్థాలు రక్తం గడ్డకట్టడం మీద, మందులను అరగదీసే కాలేయ ఎంజైముల మీద పనిచేయగలవని ప్రయోగశాలల్లో కనిపించింది. కాబట్టి ఈ మాత్రలు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా నూనె మొదలుపెట్టకూడదు. ఇలా అడగడం విశ్వాసానికి లోటు కాదు. కలౌంజీ తినడం ఎంత సున్నతో, తెలిసిన వైద్యుణ్ణి సంప్రదించడం కూడా మన ధర్మం మెచ్చే పనే.

వెల్లుల్లి, అల్లం కూరలో ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. పరగడుపున పచ్చి వెల్లుల్లి రెబ్బలు నాలుగైదు మింగడం, వెల్లుల్లి ముత్యాలనే క్యాప్సూల్స్ రోజూ వాడడం వేరు. వెల్లుల్లి ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తుంది. ఆస్పిరిన్‌కు తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

పసుపు కూడా అంతే. కూరలో వేసే పసుపు కొద్దిపాటిది. కుర్కుమిన్ క్యాప్సూల్‌లో పసుపు సారం కుదించి ఉంటుంది. ఒంటికి పట్టడానికని దానికి మిరియాల సారం పైపెరిన్ కలుపుతారు. ఆ పైపెరిన్ ఇతర మందులను కూడా ఎక్కువగా ఒంటికి పట్టించగలదు. న్యూజిలాండ్ ఔషధ నియంత్రణ సంస్థ మెడ్‌సేఫ్ 2018లో ఒక హెచ్చరిక ఇచ్చింది. వార్ఫారిన్ మీద నిలకడగా ఉన్న ఒక రోగి పసుపు ఉత్పత్తి మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే ఐఎన్ఆర్ 10 దాటిందని అందులో ఉంది. 2–3 ఉండవలసిన అంకె 10 దాటడమంటే ప్రాణాపాయం.

మోకాళ్ల నొప్పులకు వాడే గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ బిళ్లలు వార్ఫారిన్‌తో కలిసి ఐఎన్ఆర్‌ను పెంచిన సందర్భాలు నమోదయ్యాయి. జ్ఞాపకశక్తికి అమ్మే జింకో బిలోబా వల్ల రక్తస్రావం జరిగిన సందర్భాలూ ఉన్నాయి. విటమిన్ ఇ పెద్ద మోతాదులో, చేపనూనె ఎక్కువ క్యాప్సూల్స్‌గా తీసుకునేవారు కూడా డాక్టరుకు చెప్పాలి. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక దీనికి వ్యతిరేకంగా పనిచేస్తుంది. వార్ఫారిన్‌తో పాటు కొత్త మందుల శక్తిని కూడా తగ్గించేస్తుంది. విదేశాల్లోని పిల్లలు పంపే సీసాల మీద ఈ పేరు ఉందేమో చూడండి.

సప్లిమెంటు కాకపోయినా ఒక మాట తప్పక చెప్పాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ఈ మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం జరగవచ్చు. పేరు, మోతాదు రాయని ‘నొప్పుల పొడి’ పొట్లాల్లో ఏముందో అమ్మేవాడికి కూడా తెలియకపోవచ్చు. వాటిని ముట్టవద్దు. జ్వరానికి, నొప్పికి కండలో ఇంజెక్షన్ వేయబోతే, వేసేవారికి ముందే ‘రక్తం పలచబడే మాత్ర వాడుతున్నాను’ అని చెప్పాలి. లేకపోతే కండలో రక్తం నిలిచిపోతుంది. డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు కూడా ఈ మాట వెంటనే చెప్పాలి.

హిజామా సంగతి

ఈ మధ్య మన ఊళ్లలో హిజామా శిబిరాలు పెరిగాయి. చర్మం మీద గాట్లు పెట్టి రక్తం తీసే తడి హిజామా ఈ మాత్రలు వాడేవారికి ప్రమాదకరం. రక్తం త్వరగా ఆగదు. దీన్ని తప్పించుకోవడానికి కొందరు హిజామాకు నాలుగు రోజుల ముందు నుంచి తమంతట తామే మాత్ర మానేస్తుంటారు. ఇది ఇంకా పెద్ద ప్రమాదం. కొత్తగా స్టెంటు వేయించుకున్నవారు క్లోపిడోగ్రెల్ ఆపితే స్టెంటులో గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. లోహపు కవాటం ఉన్నవారు అసిట్రోమ్ ఆపితే కవాటం బిగుసుకుపోవచ్చు. పన్ను తీయించుకోవడానికీ ఇదే నియమం: ఆపాలా వద్దా అన్నది మాత్ర రాసిన డాక్టరే చెప్పాలి.

రమజాన్‌లో

రమజాన్‌లో తిండి వేళలే కాదు, తిండి రకం కూడా మారుతుంది. ఆకుకూరలు తగ్గుతాయి, హలీము, వేపుళ్లు, పళ్లు పెరుగుతాయి. దాంతో ఐఎన్ఆర్ కదులుతుంది. కాబట్టి నెల మొదలవడానికి ముందు ఒకసారి, మొదటి వారం పది రోజుల్లో ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. అసలు ఉపవాసం ఉండవచ్చా అన్నది ముందుగా డాక్టరును, ఆపైన తెలిసిన ఆలిమ్‌ను అడగాలి. రోగులకు షరీఅత్ ఇచ్చిన సడలింపు అల్లాహ్ కారుణ్యమే.

వార్ఫారిన్, అసిట్రోమ్ సాధారణంగా రోజుకు ఒకసారే కాబట్టి ఇఫ్తార్ తర్వాత ఒక నిర్ణీత వేళకు వేసుకోవచ్చు. డాబిగాట్రాన్, అపిక్సాబాన్ రోజుకు రెండుసార్లు, సుమారు 12 గంటల ఎడంతో వేసుకోవలసినవి. సహరీ, ఇఫ్తార్‌లకు సర్దవచ్చో లేదో ముందే కనుక్కోండి. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు మాత్రలు కలిపి మింగకూడదు.

ఆపరేషన్ తర్వాత మొదలయ్యే ఖర్చు

ఇక్కడ దాతలతో ప్రత్యేకంగా మనవి చేయవలసినది ఒకటుంది. గుండె కవాటాలు పాడయ్యేవారిలో పేదలే ఎక్కువ. బడి వయసులో, 5 నుంచి 15 ఏళ్ల మధ్య, గొంతునొప్పితో మొదలై వచ్చే కీళ్ల వాత జ్వరమే దీనికి ప్రధాన కారణం. ఇరుకు ఇళ్లలో ఆ గొంతునొప్పి సులువుగా ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది.

ఒక ఇంటిని ఊహించుకోండి. ఆటో నడిపే తండ్రి, ఇరవై రెండేళ్ల కూతురు. ఆరోగ్యశ్రీ కింద ఆమెకు లోహపు కవాటం అమర్చారు. ఆపరేషన్‌కు తక్కువ పడిన డబ్బు ఏదైనా ఉంటే మనలాంటి సంస్థలు సర్దాయి. అందరూ అల్‌హందులిల్లాహ్ అనుకున్నారు. ఆ తర్వాత జీవితాంతం అసిట్రోమ్, నెలనెలా ఐఎన్ఆర్ పరీక్ష. పరీక్ష కోసం పట్నం వెళ్లాలి. బస్సు చార్జీలు, పరీక్ష ఖర్చు, తండ్రి ఒకరోజు సంపాదన. రెండు నెలలకు పరీక్ష ఆగిపోతుంది. ‘రక్తం తక్కువగా ఉంది’ అని పక్కింటి ఖాలా మునగాకు పొడి ఇస్తుంది. ఎవరి ఉద్దేశంలోనూ తప్పు లేదు. కానీ త్రాసు ఎటు ఒరుగుతోందో చూసేవారు లేరు. లక్షల ఖర్చుతో అమర్చిన కవాటం మీద గడ్డ కడితే ఆ సాయమంతా వృథా అవుతుంది, ఆ అమ్మాయి ప్రాణం మీదికీ వస్తుంది.

ఆ వయసు అమ్మాయిల విషయంలో మరో సంగతి. వార్ఫారిన్, అసిట్రోమ్ కడుపులోని బిడ్డకు హాని చేయగలవు. అలాగని గర్భం అని తెలియగానే సొంతంగా మాత్ర మానితే తల్లి ప్రాణానికి ముప్పు. కాబట్టి పెళ్లి మాట అనుకున్నప్పుడే, గర్భం దాల్చక ముందే, డాక్టరుతో మాట్లాడాలి. దాచిపెట్టి పెళ్లి చేయడం ఆ అమ్మాయికి అన్యాయం.

మన సంస్థ, మన దాతలు చేయగల పనులు చిన్నవే:

1. ఆపరేషన్‌కు ఇచ్చే సాయంతో పాటు, ఆ తర్వాతి ఐఎన్ఆర్ పరీక్షలకు, ప్రయాణానికి కొంత సొమ్ము కేటాయించాలి. ఒక దాత ఒక రోగి పరీక్షల బాధ్యత ఏడాదికి తీసుకున్నా మేలే.

2. రమజాన్ కిట్లలో, వైద్య శిబిరాల్లో బలం మందులు, నూనె సీసాలు, క్యాప్సూల్స్ అందరికీ ఒకేలా పంచవద్దు. ఇవ్వాలనుకుంటే ముందు ‘రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారా?’ అని అడగాలి.

3. హిజామా శిబిరం పెడితే పేరు రాసుకునే బల్ల దగ్గరే ఇదే ప్రశ్న ఉండాలి.

4. ఈ రోగులకు తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో ఒక కార్డు ఇవ్వాలి. మందు పేరు, మోతాదు, ఎందుకు వాడుతున్నారు, ఐఎన్ఆర్ ఎంత ఉండాలి, గత పరీక్షల అంకెలు, ఇంట్లోవారి ఫోను నంబరు అందులో ఉండాలి.

ఇంట్లో పాటించవలసినవి

ఇంట్లో ఉన్న మాత్రలు, పొడులు, నూనెలు, లేహ్యాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించండి. ‘యునానీది, చెబితే కోప్పడతారేమో’ అని దాచవద్దు. అలాగే హకీము సాహెబుకూ అల్లోపతి మాత్ర సంగతి చెప్పండి. ఇప్పటికే ఒక సప్లిమెంటు వాడుతూ ఐఎన్ఆర్ నిలకడగా ఉంటే, దాన్ని హఠాత్తుగా ఆపడం కూడా అంకెను కదిలిస్తుంది. మొదలుపెట్టినా, ఆపినా, మోతాదు మార్చినా డాక్టరును అడిగి, వారు చెప్పిన రోజున పరీక్ష చేయించాలి. కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టినప్పుడూ ఇంతే.

సీసా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంటే అది ఆహార పదార్థంగా నమోదైందని అర్థం. రోగం నయం చేస్తుందని గాని, మీ మాత్రతో కలిపి వాడవచ్చని గాని అది హామీ ఇవ్వదు. ఏదైనా మందు వల్ల చెడు జరిగిందని అనుమానం వస్తే, ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే ఉచిత ఫోను నంబరు 1800-180-3024కు ఎవరైనా తెలపవచ్చు.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకండి: ఆగని ముక్కు రక్తం, చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, ఎర్రటి మూత్రం, తారులా నల్లటి విరేచనం, ఎన్నడూ లేనంత తలనొప్పి. తలకు దెబ్బ తగిలితే పైకి బాగానే ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి. మూతి వంకర పోవడం, చేయి పట్టు తప్పడం, మాట తడబడడం పక్షవాతం గుర్తులు. ఆయాసం హఠాత్తుగా పెరిగినా, కవాటం టిక్కుటిక్కు చప్పుడు మారినట్టు అనిపించినా అంతే. వెంటనే 108కు ఫోను చేయాలి.

ఈ సంచిక చదివాక మీ ఇంట్లో అబ్బాజాన్‌కో, అమ్మీకో, నానీమాకో ఉన్న మందుల డబ్బాలను ఒకసారి తెరిచి చూడండి. పక్కింటివారికీ చెప్పండి. ఆరోగ్యం అల్లాహ్ మన దగ్గర ఉంచిన అమానత్. దాన్ని తెలివితో కాపాడుకోవడం, కాపాడుకోలేనివారికి తోడుగా నిలవడం మన బాధ్యత. అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక. దాతల సదఖాలను, జకాత్‌ను స్వీకరించుగాక. ఆమీన్.